దారూ దిగిన మరునాడు

తాగుడు వల్ల డబ్బు పోతుందనీ, కాపురాలు చెడతాయనీ మన హోట్గి రోడ్డు వీధుల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తాగిన మత్తు దిగిన తరువాత, ఆ రెండు మూడు రోజులూ మనిషి లోపల ఏమవుతుందో మాత్రం పెద్దలు సయితం అంతగా ఎరుగరు. ఆ సంగతి నాలుగు మాటలు వ్రాయదలచాను. నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్ వరకు చదివి ఒక కార్యాలయంలో గుమాస్తా పని చేస్తున్నవాణ్ణి. మా పెద్దనాన్న కొడుకు విషయంలో మరాఠీ డాక్టరు గారికీ, తెలుగు తప్ప రాని మా పెద్దమ్మకూ మధ్య దుబాసీగా కూర్చున్నందువల్ల కొంత తెలిసింది.

అన్న పవర్‌లూం కార్ఖానాలో చద్దర్లు నేస్తాడు. వారం కూలి చేతికి రాగానే రెండు రోజులు తాగేవాడు, ఆపేవాడు. రానురాను ఆ రెండు రోజులు అయిదారయ్యాయి. ఆపిన రాత్రి మూడు గంటలకు ఉలిక్కిపడి లేచేవాడు. ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, గుండెదడ. వదినె ఆ వేళకే లేచి తునికాకు కత్తిరించుకుంటూ వుండేది. వెయ్యి బీడీలు చుట్టి అప్పగిస్తేనే గదా కూలి. ఆమె పక్కన చేరి, "ఎవలో వస్తున్నరే, తలుపెయ్యి" అనేవాడట. తెల్లవారితే భయం తగ్గి దిగులు పట్టుకునేది. "నేను బతికి ఏం లాభం తమ్మీ" అని నాతోనే రెండుసార్లు అన్నాడు. సాయంకాలం ఒక గ్లాసు పడితే భయమూ దిగులూ రెండూ మాయం! అందుచేత ఇంటిల్లిపాదీ తేల్చినదేమంటే, వాడికి ముందునుంచే ఏదో మనోవ్యాధి వుంది, పాపం, దారూ తాగితే నెమ్మదిస్తోంది అని. పెద్దమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది.

నారళీ పున్నమినాడు మార్కండేయస్వామి రథం ముందు నిలబడి, ఇకమీద ముట్టనని అన్న ప్రమాణం చేశాడు. నిజంగానే చుక్క ముట్టలేదు. రెండవనాటి సాయంత్రం ఫిట్సు వచ్చి గుమ్మంలో పడిపోయాడు. ప్రమాణం తప్పివుంటాడు, స్వామి చూస్తూ వూరుకుంటాడా అని వీధిలో అనుకున్నారు. తప్పనందుకే పడ్డాడని ఆస్పత్రిలో తెలిసింది.

డాక్టరు గారు మొదట అడిగినది, "ధాస్తీ వాటతే కా?" అని. పెద్దమ్మ నా మొహం చూసింది. "బుగులు అయితదా అంటున్నరు" అన్నాను. "గదే, బుగులే! నెలల సంది గదే బుగులు" అని ఆమె ఏడ్చింది. మందుల చీటీలో వున్న ఇంగ్లీషు పేర్లకంటె ఆ ఒక్క మాటతో ఆమెకు రోగం అర్థమయింది.

ఆయన చెప్పినది నా మాటల్లో చెబుతాను. మెదడులో ఒక తక్కెడ వుందనుకోండి. ఒక పళ్లెంలో శాంతపరిచేవి, రెండవ దానిలో మేలుకొలిపి హెచ్చరించేవి. దారూ మొదటి పళ్లెంలో బరువు వేస్తుంది. రోజూ వేస్తూపోతే, సమం చేసుకోవడానికి మెదడు రెండవ పళ్లెంలో బరువు పెంచుకుంటుంది. ఒకనాడు దారూ తీసేస్తే ఆ రెండవ పళ్లెం ఒక్కసారిగా నేలకు కొడుతుంది. వణుకు, నిద్రలేమి, కారణం లేని బుగులు అన్నీ ఆ దెబ్బే. చివరి గ్లాసు తరువాత ఆరు మొదలు పన్నెండు గంటల లోపల వణుకు మొదలవుతుంది. ఫిట్సు వస్తే సాధారణంగా రెండు రోజుల లోపల వస్తాయి. రెండు మొదలు నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి. అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. కనుక చాలాకాలం విపరీతంగా తాగినవారు ఇంట్లో ఒట్టు పెట్టుకుని టక్కున మానరాదట. వైద్యుని ఎదుట, మందులు క్రమంగా తగ్గిస్తూ మానాలి. బి-1 విటమిను కూడా ఇస్తారు.

ఇది మా అన్న ఒక్కడి కథ కాదు. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వచ్చి మద్యం దుకాణాలు మూతపడ్డప్పుడు, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇవే లక్షణాలతో వందలాది మంది వచ్చారు. అంతకు ముందు 2015లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లును అరికట్టినప్పుడూ అంతే. ఆ కల్లులో నిద్రమందులు కలిపేవారు. మన షోలాపురంలో హాతభట్టి దారూ కాచేవారిని వేరే పనుల్లో పెట్టాలని పోలీసులు 2021లో ఆపరేషన్ పరివర్తన్ నడిపారు, ముళేగావ్ తాండాలో పని జరిగింది. మంచిదే. దొరకకుండా చేయడం ఒక ఎత్తు, మానినవాణ్ణి ఆ నాలుగు రోజులు గట్టెక్కించడం ఇంకొక ఎత్తు.

మరి ముందు వచ్చినది దిగులా, దారూనా? నేను పట్టుబట్టి అడిగాను. తాగుడు మాని మూడు నాలుగు వారాలు చూస్తేగాని చెప్పలేమన్నారు. దారూ తెచ్చిన దిగులైతే చాలామందికి ఆ లోపల తగ్గుతుంది. తగ్గకపోతే దానికి వేరే చికిత్స వుంది. అయితే "బతికి ఏం లాభం" అన్న మాట వినబడితే మాత్రం నెల ఆగరాదు, అదే రోజు తీసుకురావాలన్నారు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వపు టెలిమానస్ సంఖ్య 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

మూడవ వారంలో అన్న తెల్లవారేదాకా నిద్రపోయాడు. దిగులు పూర్తిగా పోలేదు గాని, కార్ఖానాకు పోయి వచ్చి పిల్లల లెక్కలు చూసేపాటి ఓపిక వచ్చింది. సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా జాతరలో మళ్లీ తాగాడు, వరుసగా మూడు రోజులు. నాలుగవ రాత్రి లేచి కూర్చుంటే వదినె చేట పక్కన పెట్టి, "ఎవలు వస్తలేరు. దారూ దిగుతున్న బుగులు గిది. పొద్దుగాల దవాఖానకు పోదాం, గ్లాసు ముట్టకు" అన్నది. పోయారు. ఇప్పటికి ఏడు నెలలు.

తాయెత్తు మాత్రం పెద్దమ్మ తీయనివ్వలేదు. డాక్టరు గారిని అడిగితే, "వుండనీయండి, మాత్రలు వేళకు మింగితే చాలు" అన్నారు.