హోప్ దీవిలో పక్షుల లెక్క

లెక్క అనగానే మనకు ధనమో, ధాన్యమో, మార్కులో గుర్తుకు వస్తాయి. తనది కానిదానిని, చేతికి చిక్కనిదానిని, తనకే లాభమూ చేకూర్చనిదానిని పనిగట్టుకొని లెక్కపెట్టడం వ్యర్థప్రయాసగా తోచవచ్చు. అయినా ఏటా జనవరి మాసంలో ఆసియా ఖండంలోని అనేక దేశాలలో వేలాదిమంది ఔత్సాహికులు చెరువు గట్లపై, నదీతీరాలలో, సముద్రపు ఒడ్డున నిలబడి నీటిపక్షులను లెక్కిస్తారు. 1987లో భారత ఉపఖండంలో ప్రారంభమై క్రమంగా ఇతర ఆసియా దేశాలకు విస్తరించిన ఈ కార్యక్రమాన్ని ఆసియా నీటిపక్షుల గణన అంటారు. ఇందులో పాల్గొనేవారికి వేతనం లేదు, బహుమతి లేదు. వారికి దక్కేది ఒక నమోదు పత్రం, దానిపై కొన్ని అంకెలు మాత్రమే. ఆ అంకెల విలువ ఎంతటిదో ఒక విద్యార్థి బృందానికి ఒక్క రోజులో తెలిసివచ్చిన వైనం తెలుసుకోదగినది.

సంక్రాంతి సెలవులు ముగిసిన తరువాతి ఆదివారం, జంతుశాస్త్రం అభ్యసిస్తున్న పన్నెండుగురు డిగ్రీ విద్యార్థులు తమ అధ్యాపకురాలి వెంట కాకినాడ రేవుకు చేరుకున్నారు. వారి గమ్యం హోప్ ఐలాండ్. చేతుల్లో దుర్భిణులు, భుజాన నీళ్ల సీసాలు, మనసుల్లో పట్టరాని ఉత్సాహం. వారిలో తీరప్రాంత గ్రామం నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఆ ప్రయాణం ఏడాదిగా ఎదురుచూస్తున్న పండుగ. పక్షుల పుస్తకంలో ఇండియన్ స్కిమ్మర్ బొమ్మ చూసిన నాటి నుంచి దానిని కన్నులారా చూడాలన్నది ఆమె కోరిక. ఆ పక్షికి నల్లని వీపు, తెల్లని మెడ, నారింజరంగు ముక్కు ఉంటాయి. పైముక్కు కన్న కిందిముక్కు పొడవు. నోరు తెరచి, కిందిముక్కుతో నీటిని కోస్తున్నట్లు ఎగురుతూ, చేప తగలగానే చటుక్కున మూసి పట్టుకుంటుంది. చంబల్ వంటి నదుల ఇసుకమేటలపై వేసవిలో గుడ్లు పెట్టే ఈ పక్షులు శీతకాలంలో కాకినాడ తీరానికి కూడా వస్తాయి. వీటి సంఖ్య తరిగిపోవడంతో 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీనిని అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జాతుల వర్గంలో చేర్చింది.

తెల్లవారకముందే బయలుదేరాలని తొందరపడిన విద్యార్థులను పడవ నడిపే వృద్ధుడు వారించాడు. "ఇప్పుడెళ్తే పిట్టలు దొరకవమ్మా. నీళ్లు తీసినప్పుడు అవి మేతకని బురద మీద మైళ్లకొద్దీ చెదిరిపోతాయి. పోటెక్కితే వాటికి కాలు మోపడానికి చోటుండదు. అప్పుడన్నీ ఇసుక తిన్నె మీదికి చేరతాయి" అన్నాడు. అధ్యాపకురాలు చిరునవ్వుతో తన చేతిలోని ఆటుపోట్ల పట్టికను చూపించింది. ఆనాటి పోటు సమయాన్ని పట్టిక ఎంతగా చెప్పిందో, ఆ వృద్ధుడు చూపుడువేలితో సూర్యుని ఎత్తు చూపించి అంతే చెప్పాడు.

మంచు విడిచే వేళకు పడవ కదిలింది. కుడివైపున కోరింగ మడ అడవులు పచ్చని గోడవలె కనిపించాయి. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఒకప్పుడు ఓడల రాకపోకలతో వర్ధిల్లిన కోరింగ రేవు 1839 నవంబరులో వచ్చిన పెనుతుపానుకు ధ్వంసమైంది. గోదావరి మోసుకువచ్చిన ఇసుక, ఒండ్రుమట్టి తరతరాలుగా మేటవేయగా, సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ దీవి ఏర్పడింది. బంగాళాఖాతపు పెద్ద అలలకు అడ్డునిలిచి కాకినాడ అఖాతాన్ని ప్రశాంతంగా ఉంచుతున్నది ఈ ఇసుక దీవే. దీని తీరానికి శీతకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వలస పక్షులు విశ్రాంతికి దిగుతాయి.

దీవిపై అడుగుపెట్టగానే అధ్యాపకురాలు గణన పద్ధతిని మరొకసారి వివరించింది. వందలాది పక్షులున్న గుంపును ఒక్కొక్కటిగా లెక్కించడం సాధ్యం కాదు. మొదట పదింటిని లెక్కించి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో కొలుచుకోవాలి. ఆ కొలతతో గుంపునంతటినీ భాగాలుగా చూసుకుంటూ పోవాలి. ఒకే గుంపును ఇద్దరు విడివిడిగా లెక్కించి, ముగిసేవరకు ఒకరి అంకె ఒకరికి చెప్పకూడదు. అన్నింటికన్న ముఖ్యమైన నియమం, పక్షులను బెదరగొట్టకూడదు. వేల కిలోమీటర్లు ఎగిరివచ్చి, తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న పక్షికి అనవసరంగా రెక్క విప్పవలసిరావడం కూడా నష్టమే.

పోటునీరు బురదమేటలను కమ్ముకుంటూ వచ్చింది. వృద్ధుడు చెప్పినట్లే నలుమూలల నుంచి పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి తిన్నెపై వాలాయి. వంకర ముక్కుల కర్ల్యూలు, ఇసుకరంగులో కలిసిపోయిన చిన్న ప్లవర్లు, గాలికి ఎదురుగా బారులుతీరిన టెర్నులు. అధ్యాపకురాలు టెలిస్కోపును ఒకచోట నిలిపి, బూడిదరంగు పక్షి నొకదానిని అందరికీ చూపించింది. అది గ్రేట్ నాట్. సైబీరియా ఈశాన్యపు కొండలలో గుడ్లు పెట్టే ఈ పక్షి శీతకాలాన్ని దక్షిణ తీరాలలో గడుపుతుంది. పావుకిలో కూడా తూగని ఈ ప్రాణి ఐదువేల కిలోమీటర్లకు పైగా ఎక్కడా దిగకుండా ఎగరగలదు.

లెక్క సగానికి వచ్చిన వేళ ఒక విద్యార్థి సెల్‌ఫోనుతో ఫోటో తీయాలని నాలుగడుగులు ముందుకు వేశాడు. అంతే, తిన్నె తిన్నంతా ఒక్కసారిగా లేచినట్లయింది. గుంపు గాలిలో రెండు చుట్లు తిరిగి దూరాన వాలింది. ఎవరూ అతనిని నిందించలేదు. అయినా అతని ముఖం వాడిపోయింది. మళ్లీ మొదటి నుంచి లెక్క ప్రారంభించడానికి అరగంట పట్టింది. ఈసారి ఇసుకపై బోర్లా పడుకొని, అందరికన్న ఓపికగా లెక్కించినవాడు అతడే.

లెక్క పూర్తయ్యాక అంకెలు చూసుకుంటే ఒకరికి ఆరువందలు, మరొకరికి తొమ్మిదివందలు వచ్చాయి. మరికొంతసేపు లెక్కించగా ఇద్దరి అంకెలూ ఆరువందల యాభైకి చేరువయ్యాయి. ఇంతలో స్కిమ్మర్ కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తున్న ఆ అమ్మాయి ఒక్కసారిగా కేక వేసింది. దూరాన, నది సముద్రంలో కలిసే మొగ వద్ద, ఇరవైకి తక్కువ కాని నలుపు తెలుపు పక్షులు నీటికి చేరువగా బారుగా ఎగిరిపోతున్నాయి. తక్కినవారు దుర్భిణులు ఎత్తేసరికి అవి ఎండ మెరుపులో కలిసిపోయాయి.

"స్కిమ్మర్లు మేడమ్! రాసుకోమంటారా?" అని ఆమె ఆత్రంగా అడిగింది.

"ముక్కు చూశావా అమ్మా?"

"రెక్కలు చూశాను మేడమ్. నలుపు, తెలుపు."

"ఆయిస్టర్‌క్యాచర్‌కూ అవే రంగులు. దాని ముక్కూ ఎర్రగానే ఉంటుంది. అదీ ఈ తీరానికి వస్తుంది. కిందిముక్కు పొడవుగా ఉండటం నువ్వు చూశావా?"

ఆమె తల వంచుకొని, చూడలేదని చెప్పింది. ఆ ఒక్కమాట పలకడానికి ఆమెకు ఎంత కష్టమయిందో పక్కనున్నవారికి తెలుస్తూనే ఉంది.

అప్పుడు మరొక విద్యార్థి ఉండబట్టలేక అన్నాడు: "మేడమ్, అవి స్కిమ్మర్లే కావచ్చు కదా! రాస్తే నష్టమేమిటి? గుంపు లెక్క కూడా తొమ్మిదివందలనే వేద్దాం. పక్షులు ఎక్కువున్నాయని తెలిస్తేనే కదా ఈ దీవికి రక్షణ! తక్కువ రాస్తే, అరుదైన పక్షి లేదని రాస్తే, ఈ చోటుకు విలువే లేదనుకోరా? మంచికోసం కొంచెం పెంచితే తప్పా?"

ఆ ప్రశ్నలో కపటం లేదు, ఆ దీవిపై కలిగిన ప్రేమ ఉంది. అందుకే అధ్యాపకురాలు కోపగించుకోక, అందరినీ చెట్టు నీడన కూర్చోబెట్టి ఒక దూరదేశపు కథ చెప్పింది.

దక్షిణ కొరియా పశ్చిమతీరంలో సేమాంగం అనే చోట విశాలమైన బురదమేటలు ఉండేవి. సైబీరియాకు పోయే గ్రేట్ నాట్ పక్షులు వేల సంఖ్యలో అక్కడ దిగి, గుల్లచేపలు తిని బలం పుంజుకొని, మిగిలిన ప్రయాణం సాగించేవి. భూమిని పెంచుకోవడానికి అక్కడ సుమారు 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టారు. 2006 ఏప్రిల్‌లో గోడ పూర్తి కాగానే ఆటుపోట్లు చాలావరకు తగ్గిపోయాయి. పక్షులు పక్క తీరాలకు తరలిపోతాయిలే అన్నవారు లేకపోలేదు. కాని 2006 నుంచి 2008 వరకు పక్షిప్రేమికులు అక్కడా, పరిసర తీరాలలోనూ నిష్ఠగా లెక్కించారు. సేమాంగంలో తగ్గినన్ని పక్షులు పొరుగు తీరాలలో పెరగలేదు. శీతకాలపు విడిది అయిన ఆస్ట్రేలియాలోని లెక్కలు కూడా ఆ తరుగుదలనే చూపాయి. అంటే అవి వేరొకచోటికి తరలిపోలేదు, నశించాయి. ఆ తరువాతి సంవత్సరాలలో ఆ సముద్రతీరపు బురదమేటలను కాపాడాలన్న మాటకు బలం చేకూరింది. 2019లో చైనాలోని, 2021లో దక్షిణ కొరియాలోని కొన్ని బురదమేటలు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

"వారంతా ప్రేమకొద్దీ ముందు సంవత్సరాలలో నూటికి నూటయాభై చొప్పున రాసుకొని ఉంటే ఏమయ్యేది?" అని ఆమె అడిగింది. "గోడ కట్టిన తరువాత నిజం రాస్తే, తగ్గింది పక్షులా, అబద్ధమా అన్నది ఎవరూ తేల్చలేకపోయేవారు. మళ్లీ పెంచి రాస్తే, పక్షులు చచ్చిపోతున్నా కాగితం మీద బతికే ఉండేవి. బాబూ, ఈ ఏడు నువ్వు వేసే దొంగ అంకె, వచ్చే ఏడు ఇక్కడికి వచ్చేవాడి నిజమైన అంకెను అబద్ధం చేస్తుంది. మనం పక్షులకు చేయగల సాయం ఒక్కటే, చూసినంత రాయడం."

విద్యార్థి మారు మాట్లాడలేదు. స్కిమ్మర్ పేరుకెదురుగా ఉన్న గడిలో 'లేవు' అని రాయబోతున్న అమ్మాయి చేతిని అధ్యాపకురాలు ఆపింది. "'లేవు' అని రాసే హక్కు కూడా మనకు లేదమ్మా. 'కనిపించలేదు' అని రాయి. ఈ రెండు మాటలకు ఎంత దూరముందో కలివికోడిని అడిగితే చెబుతుంది" అన్నది. 1900 తరువాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందని పండితులు తలచిన కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల పరిసరాల్లో తిరిగి కనిపించింది. దానిని వెదికిన శాస్త్రజ్ఞులకు దారి చూపినది ఆ పొదల మధ్య పిట్టలు పట్టి బతికే స్థానికుల తెలివిడే. పుస్తకాలు 'లేదు' అన్న పక్షికి వారి నోట ఒక పేరుండనే ఉంది.

ఈ మాటలు వింటూ దూరంగా కూర్చున్న పడవ వృద్ధుడు మెల్లగా అందుకున్నాడు. "కత్తిలా నీళ్లు కోసుకుంటూ పోయే ఎర్రముక్కు పిట్ట గురించేనా తల్లీ మీ గొడవ? పది రోజుల కిందట మొగ దగ్గర తిప్ప మీద చూశాను. కింది ముక్కు పొడుగు."

అమ్మాయి కళ్లు మెరిశాయి. "అయితే రాసుకోవచ్చా మేడమ్?" అన్నది.

"రాయాలి. కాని ఎక్కడ? లెక్కలో కాదు. అది ఈ రోజు మన కళ్లు చూసినదానికే. కింద విశేషాల గడిలో, ఎవరు చెప్పారో, ఎప్పుడు, ఎక్కడ చూశారో ఉన్నదున్నట్లు రాయి. ఆయన మాట ఆయన మాటగానే నిలవాలి. వచ్చే ఏడు వచ్చేవారు ఆ తిప్పను కూడా వెదుకుతారు."

ఆమె వృద్ధుని పక్కన ఇసుకలో కూర్చొని, "ఎన్ని ఉన్నాయి తాతా?" అని అడుగుతూ ఆయన చెప్పినదంతా శ్రద్ధగా రాసుకున్నది. లెక్కపెట్టలేదని ఆయన అనగా, ఆ మాట కూడా రాసింది.

నీరు తీయనారంభించింది. బురదమేటలు ఒక్కొక్కటిగా బయటపడుతుంటే, తిన్నె మీది పక్షులు బారులు విడిపోయి మేతకు మళ్లాయి. తిరుగు ప్రయాణంలో విద్యార్థులు ఎక్కువగా మాట్లాడుకోలేదు. తొమ్మిదివందలు వేద్దామన్న విద్యార్థి స్వయంగా శుద్ధప్రతి రాస్తానని పత్రం తీసుకున్నాడు. గుంపుకెదురుగా ఆరువందల యాభై, మధ్యలో ఒకసారి పక్షులు బెదరి లేచిన సంగతి, స్కిమ్మర్‌కెదురుగా 'కనిపించలేదు' అన్న మాట, అడుగున వృద్ధుని సాక్ష్యం, అన్నీ పొందికగా రాశాడు. అమ్మాయి మాత్రం రేవు చేరేవరకు మొగ వైపే చూస్తూ కూర్చున్నది. ఆమె కోరిక ఆనాడు తీరలేదు.

ఇష్టమైనదానిని ఉన్నదానికన్న గొప్పగా చెప్పాలనిపించడం మానవ సహజం. ఆ ఇష్టం నిజమైనదే అయినా, దాని పేరిట చెప్పిన అబద్ధం చివరకు ఇష్టమైనదానికే కీడు చేస్తుంది. పక్షులు తమ గోడు తాము చెప్పుకోలేవు. వాటి తరఫున పలికేది మనిషి రాసిన అంకె ఒక్కటే. ఆ సాక్ష్యం చెల్లాలంటే అది నిజం కావాలి. మరుసటి జనవరిలో ఆ దీవికి వెళ్లే విద్యార్థుల చేతికి ముందుగా అందేది ఈ పత్రమే. అందులో ఒక గడి వారి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.