నాగటి చాలులో నాణెం



పొదిలి దగ్గర మా మెట్టచేలో దున్నుతుంటే నాన్నకు ఒక రాగి నాణెం దొరికింది. దాని మీద రెండు సింహాలు, మధ్యన డాలు ఉన్నాయి. రాయలవారి కాలానిదనీ, లక్షలు పలుకుతుందనీ ఊళ్లో అన్నారు. ఆ ఏడు కంది పంట పోయింది. అప్పు తీరుతుందని నాన్న ఆశపడ్డారు.

చింతపండుతో తోమితే అక్షరాలు అరిగిపోతాయని మా సోషల్ మాస్టారు వారించారు. ఉత్త నీళ్లతో కడిగి భూతద్దంతో చూశాం. సింహాల కింద 1835, వెనుకవైపు పావు అణా అని, ఈస్టిండియా కంపెనీ అని ఇంగ్లీషులో ఉన్నాయి. రూపాయికి 64 వచ్చే నాణెం అది. డాలు మీద శిలువ కంపెనీ ముద్రలోనిదే. కింది లాటిన్ మాటలకు 'ఇంగ్లండు రాజు, పార్లమెంటు అండతో' అని అర్థమట. ఇవి లెక్కలేనన్ని వేశారు కనుక పెద్ద ధర రాదన్నారు మాస్టారు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఎవరిదో తెలిసింది గదరా, చాల్లే" అన్నారు.

మిత్రులారా! మన చేల శిస్తు తిన్న కంపెనీ ముద్రలో మన మాట ఒక్కటీ లేదు. 1950లో మనం సారనాథ్ సింహాలను తెచ్చుకుని, కింద 'సత్యమేవ జయతే' అని రాసుకున్నాం. అవీ సింహాలే, ఇవీ సింహాలే. ఏవి ఎవరివో చదివితేనే తెలుస్తుంది. అందుకే చదువుదాం.