లాగే బండి, మోసే బండి

మొన్న సర్వసభ్య సమావేశంలో మన కార్యదర్శిగారు నన్ను పట్టుకుని, "అమెరికా వెళ్లొచ్చారు కదా, పత్రికకు నాలుగు మాటలు రాసివ్వండి" అన్నారు. నయాగరా జలపాతం గురించీ డిస్నీలాండు గురించీ మన పత్రికలో ఇదివరకే చాలామంది రాశారు. నేను ఆ రెండూ చూడలేదు. నేను చూసింది ఒక ఎడారి, ఆ ఎడారిలో కనుచూపు మేర చక్రాల మీద నిలబడ్డ ఇళ్లు. ఆ సంగతే రాస్తాను.

నామక్కల్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో 34 ఏళ్లు లెక్కలు రాశానని మన సంఘంలో పాతవాళ్లకు తెలుసు. నాకు బండి నడపడం రాదు. స్టీరింగు పట్టుకుంటే చేతులు చెమటలు పడతాయి. అయితే ఏ ఇరుసు మీద ఎంత బరువు పడుతుందో, పడకూడనంత పడితే ఏమవుతుందో మాత్రం చూసి చూసి తెలుసుకున్నాను. 2022 చివర్లో మా తమ్ముడు ఫీనిక్స్ నుంచి ఫోను చేసి, "అన్నయ్యా, ఉద్యోగం మానేశాను. ఇల్లు అమ్మేసి బండిలోనే కాపురం పెట్టి దేశమంతా తిరుగుదామనుకుంటున్నాం. బండ్ల సంగతి నీకు తెలుసు కదా, వదినను తీసుకుని ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. మా ఆవిడ పక్కనుంచి విని, "ఈ వయసులో సంచార జాతివాళ్లలాగా ఇదేం కోరిక?" అంది. నాకూ అలాగే అనిపించింది. అయినా వెళ్లాం.

వెళ్లాక తెలిసింది, అక్కడ ఇలా బతికేవాళ్లు తక్కువేమీ కాదని. ఆ బండ్లను ఆర్వీలు అంటారు. వాటిలో రకాలున్నాయి. ఒకటి మన టూరిస్టు బస్సంత ఉంటుంది, ఇంజనూ ఇల్లూ ఒకటే. దాన్ని ఎ క్లాసు అంటారు. అందులో ఉంటే పాలప్యాకెట్టు కొనాలన్నా ఇల్లంతా కదిలించాలి కాబట్టి చాలామంది వెనక ఒక చిన్న కారు కట్టి లాక్కుపోతారు. ఇంజను చెడితే బండితోపాటు ఇల్లు కూడా మెకానిక్కు షెడ్డులో పడుకుంటుంది. బి క్లాసు అంటే మన టెంపో ట్రావెలర్ లాంటి వ్యాను, లోపల మంచం, పొయ్యి అమర్చినది. వీటి మధ్యది సి క్లాసు. ముందు వ్యాను మొహం, వెనక పెట్టెలాంటి ఇల్లు, డ్రైవరు నెత్తిమీద అటకలాంటి పడక. ఇవి కాక ఇంజను లేని ఇళ్లున్నాయి. కొన్నిటిని వాహనం వెనక బంతిలాంటి కొక్కేనికి తగిలిస్తారు. పెద్దవాటిని పికప్పు ట్రక్కు తొట్టి మధ్యలో, ఇరుసుకు నేరుగా పైన బిగిస్తారు. ఈ రెండో రకానికి ఫిఫ్త్ వీల్ అని పేరు. మనకు నామక్కల్ ఎలాగో వాళ్లకు ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ అలాగ. అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే కడతారు.

మా తమ్ముడు మనసు పడింది ఫిఫ్త్ వీల్ మీద. అమ్మేచోటుకు నలుగురం వెళ్లాం. లోపలికి అడుగుపెడితే నాకే నోట మాట రాలేదు. ఒక మీట నొక్కితే గోడ బయటికి జరిగి హాలు వెడల్పవుతుంది. పడక కుర్చీలు రెండు, పెద్ద టీవీ, దాని కింద ఉత్తుత్తి మంట మండే పొయ్యిగూడు. వంటింట్లో మా ఇంట్లోకన్నా పెద్ద ఫ్రిజ్జు. అలమర తలుపులు తీసి చూశాను. పలచటి చెక్క, పిన్నులు కొట్టి బిగించారు. మా షెడ్డులో పెద్దాచారి చూసి ఉంటే తల పట్టుకునేవాడు. రోజూ గతుకుల్లో ఊగే ఇంటికి ఆ పనితనం ఏ మూలకు వస్తుంది? మరదలు మాత్రం ఏమీ మాట్లాడలేదు. పడకగదికి ఎక్కే మూడు మెట్లు ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అది నేను గమనించలేదు, మా ఆవిడ గమనించింది.

తమ్ముడు ట్రక్కు ముందే కొనేశాడు. చూడడానికి దిట్టమైన బండే. అమ్మకందారు దాన్ని ఒకసారి చూసి, "ఇది ఈ ఇంటిని బొమ్మలాగా లాగేస్తుంది" అన్నాడు. నిజమే, లాగుతుంది. కానీ లాగడం వేరు, మోయడం వేరు. మన ఎడ్లబండి కట్టిన పెద్దలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బస్తాలు ముందుకు ఎక్కువగా వేస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి మెడపట్టీలు గొంతుకు బిగుస్తాయి. ఇదీ అంతే. ఫిఫ్త్ వీల్ బరువులో అయిదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు కూడా ట్రక్కు వీపు మీద పడుతుంది. బంతి కొక్కేనికి తగిలించే రకమైతే నూటికి పది నుంచి పదిహేను. అంతకు తగ్గితే అదీ ప్రమాదమే, వెనక బండి పాము తోకలాగా ఊగడం మొదలుపెడుతుంది.

ట్రక్కు ఎంత మోయగలదో డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించిన చిన్న చీటీలో రాసి ఉంటుంది. మనుషులూ సామాన్లూ అన్నీ కలిపి 2,310 పౌండ్లు మించరాదని ఉంది. అమ్మకం పుస్తకంలో ఆ ఇల్లు ట్రక్కు మీద వేసే బరువు 2,150 అని ఉంది. "సరిపోయిందిగా అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. అది ఖాళీ ఇంటి లెక్క. నీళ్లు, గ్యాసు, బట్టలు, బియ్యం, పచ్చళ్ల జాడీలు లేని ఇల్లు. నిండితే అది 14,000 పౌండ్ల దాకా వస్తుందని గోడమీది రేకులోనే ఉంది. అయిదో వంతు అనుకున్నా 2,800. బిగించే ఇనుప సామగ్రి 150. మొగుడూ పెళ్లాలు 330. పనిముట్లు, జనరేటరు 200. మొత్తం 3,480. అంటే 530 కిలోలు ఎక్కువ. వంద కిలోల బస్తాలు అయిదు అదనంగా ఎత్తినట్టు. ఆ ఇల్లే కావాలంటే వెనక నాలుగు చక్రాలున్న ఇంకా పెద్ద ట్రక్కు కొనాలి. అమ్మకందారు, "అందరూ ఇలాగే లాగుతున్నారు సార్" అని నవ్వాడు. ఆ మాట నేను మా షెడ్డులో 34 ఏళ్లు విన్నాను. ఇరుసు విరిగి ఘాటు రోడ్డు మీద ఆగిపోయిన లారీల యజమానులు కూడా అదే అనేవారు.

తమ్ముడికి కోపం వచ్చింది. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. ఆ రాత్రి మరదలు వంటింట్లో మా ఆవిడతో, "అక్కయ్యా, తిరగడం నాకూ ఇష్టమే. ఇల్లు అమ్మేస్తే రేపు మంచాన పడినప్పుడు ఎక్కడికి పోతాం? అది అడిగితే ఆయన ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టవుతుందని ఊరుకున్నాను" అందట. మా ఆవిడే మర్నాడు కాఫీ దగ్గర మాట ఎత్తింది. "కొనేముందు అద్దెకు తీసుకుని నాలుగు రోజులు ఉండి చూడొచ్చు కదా!" ఇంత చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

అలా 2023 జనవరిలో సి క్లాసు బండి ఒకటి అద్దెకు తీసుకుని క్వార్ట్జ్‌సైట్ బయలుదేరాం. ఫీనిక్స్ నుంచి పడమరగా దాదాపు 200 కిలోమీటర్లు. దారి పొడుగునా చేతులు పైకెత్తి నిలబడ్డ మనుషుల్లాంటి సగువారో జెముళ్లు. ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లు రెండువేల పైచిలుకే. చలికాలం మాత్రం లక్షల్లో వచ్చి పోతారు. ఉత్తరాది మంచు తప్పించుకోవాలని వచ్చే ముసలివాళ్లే ఎక్కువ. జనవరిలో అక్కడ ఆర్వీల ప్రదర్శన, రంగురాళ్ల సంతలు జరుగుతాయి. ఊరి పక్కన లా పోసా అనే చోట ప్రభుత్వ భూమిలో దిగడానికి మేము 14 రోజుల చీటీకి 40 డాలర్లు కట్టాం. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా మొత్తం కాలానికైతే అప్పుడు 180. నీళ్లు పట్టుకునే చోటు, మురుగు వదిలే చోటు ఉన్నాయి. కరెంటు లేదు. ఎవరి దీపం వాళ్లదే.

ఆడవాళ్లిద్దరికీ వెనక మంచం, తమ్ముడికి డ్రైవరు నెత్తిన అటక, నాకు భోజనాల బల్ల మడిచి వేసే పరుపు. మొదటి సాయంత్రం పప్పులో పోపు పెట్టగానే పొగ గంట గీపెట్టింది. చుట్టుపక్కల నాలుగు బండ్లలోంచి తలలు బయటికి వచ్చాయి. ఆ తరువాత పోపు ఎప్పుడూ బయట చెట్టు కిందే. గ్యాసు ఉన్న బండి కదా అని దీపారాధన కూడా బయటే. రాత్రి ఎడారి చలి ఎముకలు కొరికింది. హీటరు మండేది గ్యాసుతోనైనా దాని పంకా తిరగాలంటే బ్యాటరీ కావాలి. తెల్లవారుజామున అది చచ్చిపోయింది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా జనరేటరు వేయకూడదని నియమం. నలుగురం దుప్పట్లు కప్పుకుని ఆరు ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తూ కూర్చున్నాం.

మూడో రోజుకు నీళ్లైపోయాయి. సుమారు 150 లీటర్ల తొట్టి. అంతకన్నా ముందే గిన్నెలు కడిగిన నీళ్ల తొట్టి నిండిపోయింది. మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేయడానికి వరసలో నిలబడి, తమ్ముడు చేతికి తొడుగులు వేసుకుని గొట్టం బిగిస్తుంటే, ముప్పై ఏళ్లు కంప్యూటర్ల ముందు కూర్చున్నవాడు ఇంత ఓపికగా ఈ పని చేస్తాడని నేను అనుకోలేదు. తిరిగొచ్చి, "మనకు ఎన్ని మీటల హాలు కావాలన్నది కాదన్నయ్యా, ఎన్ని రోజుల నీళ్లు కావాలన్నది అసలు ప్రశ్న" అన్నాడు. అప్పటికి కోపం పోయింది.

మా పక్కన డెబ్బై దాటిన ఒకావిడ వ్యానులో ఒంటరిగా ఉండేది. భర్త ఉన్నప్పుడు నలభై అడుగుల బస్సు కొన్నారట, తరువాత ఫిఫ్త్ వీల్, ఆయన పోయాక ఈ వ్యాను. మొదటి రెండూ కొత్తవి కొని సగం ధరకు అమ్ముకున్నామంది. "మీ ఊరేది?" అని అలవాటుగా అడిగాను. టెక్సాసులో లివింగ్‌స్టన్ అని ఒక పెట్టె నంబరు చెప్పింది. ఇల్లు లేనివాళ్లకు ఉత్తరాలు అందుకుని పంపించే సంఘం అక్కడ ఉంది, ఎస్కేపీస్ అని, 1978లో మొదలైంది. ఇక బండి నడపలేమన్నవాళ్లు తమ బండిలోనే ఉంటూ సాయం పొందే కేంద్రం కూడా ఆ సంఘంవాళ్లు అక్కడ ఏర్పాటు చేశారట. సౌత్ డకోటాలోనైతే ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపించి కూడా చిరునామా సంపాదించుకుంటారని చెప్పింది. అయిదు తరాలుగా నామక్కల్‌లో ఉన్నా "మీ సొంతూరు ఆంధ్రాలో ఎక్కడ?" అనిపించుకునే నాకు, ఒక్క రాత్రి రసీదుతో ఊరు దొరకడం కాస్త అసూయగానే అనిపించింది. మరదలు ఆ కేంద్రం గురించి అడిగినన్ని ప్రశ్నలు బండి గురించి అడగలేదు.

ఊరి శ్మశానంలో ఒక విచిత్రమైన కట్టడం ఉంది. రాళ్ల పిరమిడు, దాని కొన మీద రేకు ఒంటె. 1850లలో అమెరికా సైన్యం ఈ ఎడారుల్లో సామాన్లు మోయించడానికి ఒంటెలను తెప్పించింది. వాటితో వచ్చిన హాజీ అలీ అనే ఒంటెలవాణ్ణి ఇక్కడివాళ్లు నోరు తిరగక హై జాలీ అన్నారు. 1902లో ఇక్కడే పోయాడు. 1935లో ఆ గుర్తు కట్టారు. దూరదేశం నుంచి బరువులు మోయించడానికి వచ్చి ఇక్కడి మట్టిలో కలిసినవాడి ముందు మేం నలుగురం చాలాసేపు నిలబడ్డాం.

చివరికి ఏం కొన్నారని అడుగుతారు. ఉన్న ట్రక్కుకు తగిన ఇల్లు కొన్నారు. 26 అడుగుల మామూలు ట్రైలరు, మూడేళ్లు వాడినది. లోపల ఒక్క మెట్టూ లేదు, మంచానికి రెండువైపులా నడవచ్చు. నిండితే 7,500 పౌండ్లు, ట్రక్కు మీద పడేది 940. మిగతావన్నీ కలిపినా 1,700 దాటదు. పైకప్పు మీద సౌర పలకలు, లిథియం బ్యాటరీలు వేయించారు. ఇల్లు అమ్మలేదు, అద్దెకిచ్చారు. సొంత చిరునామా లేదంటే కొన్ని బ్యాంకులు బండికి అప్పివ్వవట, అది కూడా కలిసొచ్చింది. మొదటి ప్రయాణంలో లారీలు ఆగే పెట్రోలు బంకులో కాటా మీద తూయించి, ఆ చీటీ ఫొటో తీసి నాకు పంపాడు. కాలిక్యులేటరు పక్కన పెట్టుకుని కూడాను. మేం వేసిన లెక్కకన్నా 60 పౌండ్లు ఎక్కువుంది. ఫోను చేసి అడిగితే మరదలు అందుకుని, "అవి నా ఆవకాయ జాడీలు, గ్రైండరు బావగారూ. ఆయన పనిముట్లు దింపమన్నాను" అంది.