ఏం మిగులుతోందని అక్కడ?

"ఊళ్లో సొంతిల్లుంది, అమ్మ వండి పెడుతుంది. ఏం మిగులుతోందని అక్కడుంటావు?" హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి ఇంటికెళ్లిన పిల్లల్ని ఈ మాట అడగని ఇల్లుందా చెప్పండి? వాళ్లు నవ్వేసి ఊరుకుంటారు. పెద్దవాళ్లతో వాదనెందుకని ఊరుకుంటారే గానీ, జవాబు లేక కాదండీ. మాది సికింద్రాబాద్‌లో పద్మారావునగర్. మేడమీద పోర్షన్ ఎప్పుడూ ఉద్యోగాల పిల్లలకే ఇస్తాం. వాళ్లని చూస్తూ నాకు అర్థమైంది చెబుతాను, కాస్త కూర్చోండి.

డబ్బు మిగలదు, అది నిజం. నెలాఖరు వచ్చేసరికి కుక్కర్లో అన్నం పడేసి, కర్రీ పాయింట్ నుంచి ఒక్క పప్పు ప్యాకెట్ తెచ్చుకుని పైనున్న ముగ్గురూ సర్దుకుంటారు. 2025 మే నెలలో మెట్రో చార్జీలు పెంచారు కదా, అప్పట్నుంచి వాళ్లలో ఒకమ్మాయి పొద్దున ఆలస్యం కాకుండా మెట్రోలో వెళ్లి, సాయంత్రం బస్సులో వస్తోంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఈ రాష్ట్రపు ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. చదవడానికి చిన్న సంగతేగానీ, ఆ మిగిలిన డబ్బు ఆ అమ్మాయికి నెలాఖరు కూరగాయలు.

మరి ఎందుకుంటారు? ఇక్కడ ఉద్యోగం పోతే ఊరు మారక్కర్లేదు. నన్నడిగితే అసలు సంగతి ఇదే. మా పైవాటాలో ఇదివరకు ఉండే ఒకబ్బాయిని, ప్రాజెక్టు అయిపోయిందని కంపెనీవాళ్లు మానుకోమన్నారు. వాళ్లూళ్లో అతని చదువుకి పనిచ్చే చోటు ఒక్కటీ లేదు. ఇక్కడ మర్నాటి నుంచే పొద్దున్నే అమీర్‌పేట వెళ్లి కొత్త కోర్సులో చేరాడు. మైత్రీవనం చుట్టుపక్కల ఆ ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు మీరూ చూసే ఉంటారు. పాత రూమ్మేట్ ఒకడు తన ఆఫీసులో రెఫరల్ ఇచ్చాడు. కొన్నాళ్లకి రాయదుర్గంలో ఉద్యోగం. అదే గది, అదే తాళం చెవి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కే అదే మెట్రో బ్లూ లైను. దిగే స్టేషనే మారింది.

ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1890లోనే ఈ సంగతి రాశాడు. ఒకే రకం పని చేసే సంస్థలు ఒకచోట చేరితే, పని తెలిసినవాడికి యజమాని దొరుకుతాడు, యజమానికి పనివాడు దొరుకుతాడు. అందుకే ఇద్దరూ అక్కడికే వస్తారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన దగ్గర్నుంచి మాదాపూర్ వైపు జరిగింది అచ్చంగా ఇదే. అద్దె పెరిగిందని ఒక్కడు వెళ్లిపోతే అతను పోగొట్టుకునేది ఒక్క ఉద్యోగం కాదు, తర్వాత రాబోయే నాలుగు కూడా.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. ఊళ్లో బస్టాపులో పది నిమిషాలు నిలబడితే చాలు, ఆ కబురు మనకంటే ముందు ఇంటికి చేరుతుంది. ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి ప్యారడైజ్ దగ్గర ఒక్కతే నిలబడి టీ తాగినా, ఎవరమ్మాయివని అడిగేవాళ్లుండరు. ఈ స్వేచ్ఛకి అద్దె కట్టాలంటే నేనూ కడతాను.

ఇంకో మాట. ఆఫీసులు మాదాపూర్ వైపుంటే వీళ్లు సికింద్రాబాద్‌లో ఎందుకుంటారంటారేమో. రైళ్ల కోసమండీ. శుక్రవారం ఆఫీసు నుంచే బ్యాగు తగిలించుకొచ్చి రాత్రి బండెక్కితే తెల్లారేసరికి గోదావరి జిల్లాల్లో ఉంటారు. స్టేషన్ తిరిగి కడుతున్నారని కొన్ని బళ్లు చర్లపల్లికి మార్చినప్పుడు ఈ పిల్లలు పడ్డ బాధ అంతా ఇంతా కాదు. అసలు ఈ ఊరే వచ్చినవాళ్లతో పుట్టింది. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటులో పటాలాల వెనకాలే తమిళులు, పార్సీలు, గుజరాతీలు వచ్చి స్థిరపడ్డారు. ఇక్కణ్ణుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ సినిమా తీయాలంటే బొంబాయి వెళ్లక తప్పలేదు. తనకి కావలసిన పని ఎక్కడుంటే అక్కడికే మనిషి వెళ్తాడు.

నా బాధల్లా, అలా వచ్చినవాళ్లకి అడ్డంగా గేట్లకి వేలాడే 'ఫ్యామిలీలకు మాత్రమే' అన్న టు-లెట్ బోర్డుల గురించి. మా వీధిలో అలాంటి బోర్డుతో ఒక పోర్షన్ ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉంది. ఓనరుగారితో ఒకసారి మాట్లాడాను, మళ్లీ మాట్లాడతాను. మీ ఇంట్లో ఖాళీ ఉంటే మీరూ బ్యాచిలర్లకి ఇచ్చి చూడండి. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అడిగేవాళ్లున్నారు. మనం రెండు నెలలు చాలనుకుందాం. గేటు తాళం చెవి ఇంకోటి చేయించి వాళ్ల చేతికివ్వండి. నైట్ షిఫ్టు నుంచి వచ్చేవాళ్లుంటారు.