విజయనగరం విజ్జీ

భారత టెస్టు జట్టు తొలి కెప్టెన్లిద్దరూ తెలుగు మూలాలున్నవారే. 1932లో సారథి నాగపూర్‌లో స్థిరపడిన కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు, 1936లో విజయనగరం రాజవంశీకుడు పూసపాటి విజయానంద గజపతిరాజు. క్రికెట్ లోకానికి ఈ రెండో ఆయన విజ్జీ.

1905 డిసెంబరు 28న పుట్టిన విజ్జీ రాజుగారి రెండో కొడుకు. గద్దె అన్నగారు అలక్ నారాయణ గజపతిది కావడంతో, కుటుంబానికి ఆస్తులున్న కాశీలో విజ్జీ స్థిరపడ్డారు. అక్కడి ప్యాలెస్‌లోనే గ్రౌండు వేయించి 1926లో సొంత జట్టు కట్టారు. శాసనోల్లంఘన రోజుల్లో ఇంగ్లండ్‌కు చెందిన ఎం.సి.సి. జట్టు పర్యటన రద్దయితే జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లంతటి వాళ్లను రప్పించి 1930-31లో భారత్, సిలోన్‌లలో ఆడించారు. కుర్రవాడైన ముస్తాక్ అలీని చేరదీసిందీ ఆయనే. ఆటకు ఆయన చేసిన అసలు మేలు ఇదే. ఇక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు మచ్చలేకుండా నిలిచేది.

కెప్టెన్సీ మీది మోజు ఆయన్ను ఆగనివ్వలేదు. 1936 ఇంగ్లండ్ పర్యటనకు పలుకుబడితో సారథి అయ్యారు. మూడు టెస్టుల్లో చేసింది 33 పరుగులు, సగటు 8.25. అంతకన్నా బాధాకరం జట్టులో రేగిన చీలికలు. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్ ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, ఆయన్ను కాదని ఇతరులను ముందు పంపారు. అమర్‌నాథ్ కోపం డ్రెస్సింగ్ రూమ్‌లో బద్దలైంది. క్రమశిక్షణ పేరుతో తొలి టెస్టుకు ముందే ఆయన్ను ఓడెక్కించి ఇంటికి పంపేశారు. మాంచెస్టర్‌ టెస్టులో తోటి ఓపెనర్ విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయమని కెప్టెన్ తనకు చెప్పినట్టు ముస్తాక్ అలీ తర్వాత వెల్లడించారు. ముస్తాక్ ఆ మాట మర్చంట్‌కే చెప్పేశారు. ఇద్దరూ కలిసి తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. ముస్తాక్ చేసిన 112, విదేశీ గడ్డపై భారతీయుడి తొలి టెస్టు సెంచరీ. ఆ టెస్టు డ్రా అయింది, మిగతా రెండూ ఓడిపోయారు. ఆ పర్యటనపై విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ 1937లో విజ్జీ కెప్టెన్సీని తప్పుపట్టి, అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది.

ఆ ఏడాదే విజ్జీ యునైటెడ్ ప్రావిన్సెస్‌లో ఛత్తారీ నవాబు తాత్కాలిక మంత్రివర్గంలో కొన్నాళ్లు మంత్రి. 1936 పర్యటనలోనే వచ్చిన సర్ బిరుదును 1947లో వదులుకున్నారు. 1954 నుంచి కొన్నాళ్లు క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా, రేడియో వ్యాఖ్యాతగా ఆటను అంటిపెట్టుకునే ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో క్రికెట్ వేళ్లూనడానికి చేసిన కృషిని ఆయన విమర్శకులు కూడా కాదనలేరు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు.

బతుకంతా ఉత్తరాదిన గడిపినా, ఓట్లు అడగడానికి సొంత ప్రాంతానికే వచ్చారు. 1962లో కాంగ్రెస్ తరఫున విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అన్నగారి కొడుకు పి.వి.జి. రాజు కూడా అదే కాలంలో ఉత్తరాంధ్ర రాజకీయాల్లో పెద్ద నాయకుడు. ఎంపీగా ఉండగానే 1965 డిసెంబరు 2న విజ్జీ కాశీలో కన్నుమూశారు. విశ్వవిద్యాలయాల జోనల్ జట్లు ఆడే ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు.