మడత చాకు

వ్యవసాయదారుని పనిముట్లలో కొన్ని చేనులో ఉంటాయి, కొన్ని ఇంటి మూలన ఉంటాయి. మనిషిని విడవకుండా అతని వెంట తిరిగే పనిముట్టు ఒకటి కలదు. అది మడత చాకు. పని పడినప్పుడు తెరుచుకొని, పని తీరగానే తన పదునును తన పిడిలోనే దాచుకొనే చిన్న కత్తి ఇది. దీనికి వేరే ఒర అక్కరలేదు, పిడియే ఒర.

నిజామాబాద్ జిల్లాలో, అందునా బోధన్ ప్రాంతంలో, ఈ చాకుకు పని కరువు ఎన్నడూ లేదు. 1923లో నిర్మాణం మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఇక్కడి నేలలో చెరకు తోటలు విస్తరించాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. చెరకు నరకడానికి మడత చాకు పనికిరాదు. దానికి బరువైన కత్తే కావాలి. కాని గడ చెక్కు తీయడానికి, మోపు కట్టిన తాడు తెంపడానికి, ఎరువు బస్తా కుట్టు విప్పడానికి, తోట పక్వానికి వచ్చిందో లేదో తెలుసుకొనేందుకు గడను కోసి రసం రుచి చూడటానికి చిన్న చాకే సాధనం. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు సాగు తగ్గింది. చాకు మాత్రం రైతు జేబులో మిగిలింది.

ఆ కర్మాగారానికి ఏళ్ల తరబడి చెరకు బండ్లు తోలిన వృద్ధ రైతు ఒకరు బోధన్ సమీప గ్రామంలో ఉన్నారు. ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన మనుమడు ఒకనాడు కూడబెట్టుకున్న డబ్బుతో నిజామాబాద్ బజారులో ఒక మడత చాకు కొని తెచ్చాడు. నల్లని పిడి, నిగనిగలాడే అలుగు, తెరవగానే ‘టక్కు’మని పడే గడియ. (కత్తిలో కోసే భాగాన్ని అలుగు అంటారు. తెలంగాణలో ఆ మాట వినగానే ముందు చెరువు అలుగే మనసులో మెదులుతుంది. ఇక్కడ ఉద్దేశించినది అది కాదు.)

“పదును మంచిగనే ఉన్నది గద తాతా” అన్నాడు మనుమడు.

“పదునుకేమున్నది బిడ్డా, సానరాయి మీద గీస్తే ఏ కత్తికైనా వస్తది. ముందుగాల కీలు జూడాలె” అన్నారు ఆయన.

అలా అని చాకును తెరిచి, వేళ్ళు అలుగు దారికి అడ్డు రాకుండా పిడిని ఇరువైపులా పట్టుకొని, అలుగు వెన్నును ఒక చెరకు గడపై మెల్లగా తట్టారు. మొదటిసారి గడియ నిలిచింది. రెండవసారీ నిలిచింది. మూడవసారి జారి, అలుగు పిడిలోకి ముడుచుకొన్నది. పిడి చుట్టూ వేళ్ళు ఉండి ఉంటే ఏమి జరిగేదో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మనుమని ముఖం చిన్నబోయింది. మరునాడు అతడు దానిని మార్చుకొని, అంతకన్న తక్కువ వెలకు గడియలేని సాదా చాకు తెచ్చుకొన్నాడు.

తక్కువ వెల, గడియ కూడా లేదు. అయినా అది మేలైన బేరమే. అందుకు కారణం మడత చాకు నిర్మాణంలోనే ఉన్నది. సాధారణమైన కత్తిలో అలుగు పిడిలోపలికి సాగి ఉంటుంది. అది ముడుచుకొనే ప్రశ్నే లేదు. మడత చాకులో అలుగు, పిడి ఒక సన్నని సీల వద్ద కలుస్తాయి. కోసేటప్పుడు చేయి వేసే బలం అక్కడికే చేరుతుంది. సాదా చాకులో ఒక స్ప్రింగు అలుగు మడమను నొక్కి పట్టి ఉంచుతుంది. వెన్ను మీద గట్టిగా ఒత్తితే అది మూసుకొంటుంది. యజమానికి ఆ సంగతి తెలుసు. కనుక చాకుతో పొడవడు, తన వైపునకే లాగి కోస్తాడు.

గడియ గల చాకులో పిడి లోపలి పలుచని లోహపు పట్టీ ఒకటి పక్కకు వంగి, అలుగు మడమ వెనుక అడ్డంగా నిలబడుతుంది. ఆ పట్టీ మడమకు నిండుగా ఆని ఉంటే భద్రమే. అంచును మాత్రమే తాకుతూ ఉంటే కొద్దిపాటి అదురుకే జారుతుంది. ‘టక్కు’మనే ధ్వని మాత్రం రెండింటిలోను ఒక్కటే! ఆ ధ్వనిని నమ్మి చేయి ధైర్యం చేస్తుంది. గడియ లేకపోవడం కంటె, ఉన్నదని నమ్మించే చెడ్డ గడియ ప్రమాదకరమైనది.

గడియ మంచిదయ్యేందుకు చాకు ఖరీదైనదే కానక్కరలేదు. ఫ్రాన్సులోని సవాయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో బీచ్ కర్ర పిడితో ఒక చాకును రూపొందించాడు. అది రైతుల, శ్రామికుల చాకు. 1955లో దాని మెడకు తిరిగే లోహపు ఉంగరం ఒకటి చేర్చారు. ఉంగరాన్ని తిప్పితే అలుగు కదలదు. పట్టు స్పష్టంగా కంటికి కనిపిస్తుంది. బాగా వాడుకలో ఉన్న ఎనిమిదో నంబరు చాకు బరువు సుమారు 45 గ్రాములే. జపానులో పందొమ్మిదవ శతాబ్దం చివర పుట్టిన హిగోనొకామి చాకుకు గడియా లేదు, స్ప్రింగూ లేదు. అలుగు తోకను బొటనవ్రేలితో నొక్కి పట్టుకోవడమే దాని ఏర్పాటు. రెండూ నిరాడంబరమైనవే.

కొనేవాడు మొదట చాకును మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవలెను. అలుగు పిడి నడుమ నిలిచి ఉండాలి. ఒక పక్కకు ఒరిగి పిడిని తాకుతుంటే సీల వంకరగా బిగించారన్నమాట. తరువాత తెరిచి అలుగును పక్కలకు కదిపి చూడాలి. అటూ ఇటూ ఊగితే ఆ చాకును వదులుకోవడమే మంచిది. పిడి ప్లాస్టిక్కుదని చిన్నచూపు చూడనక్కరలేదు. గాజునార కలిపిన నైలాను గట్టిగాను, తేలికగాను ఉంటుంది. తేలికదనం చిన్న సుగుణం కాదు. బరువైన చాకు చొక్కా జేబును కిందికి లాగుతుంది. నాలుగు రోజులకు గూట్లోకి చేరుతుంది. గూట్లో ఉన్న చాకు ఎంత గొప్పదైనా చేలో తాడు తెంపదు.

కీలు తరువాత చూడవలసినది ఉక్కు. ఈ విషయంలో నిజామాబాద్ జిల్లావారికి పరాయి ఊరి పాఠం అక్కరలేదు. జిల్లాలోని కోనసముద్రం గ్రామం ఒకప్పుడు ఉక్కు తయారీకి పేరు పొందినది. హెన్రీ వాయ్‌సీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడి పనిని స్వయంగా చూసి రాసిన వివరణ, ఆయన 1824లో మరణించిన తరువాత 1832లో ప్రచురితమైనది. కమ్మరులు రెండు రకాల ఇనుమును కలిపి మట్టి మూసలలో కరిగించేవారు. వచ్చిన ఉక్కు బిళ్ళలను పలుమార్లు కాచి మెత్తబరచేవారు. సరుకు కోసం ఇస్ఫహాన్ నుండి వచ్చిన పర్షియా వర్తకుడు అక్కడే మకాం వేసి ఉండటం వాయ్‌సీ గమనించాడు. ‘ఉక్కు’ అనే దక్షిణాది మాటే ఐరోపా వారి నోట ‘వూట్జ్’ అయినదని పండితుల అభిప్రాయం. 1820 ప్రాంతంలో లండనులో మైఖేల్ ఫారడే అంతటివాడు, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి, ఈ ఉక్కు రహస్యం కోసం శ్రమించాడు.

ఆ రహస్యంలో ప్రధానమైనది కర్బనం. మూస ఉక్కులో అది ఒకటి నుండి రెండు శాతం వరకు ఉండేది. కర్బనం పెరిగిన కొద్దీ ఉక్కు పదును నిలుపుకొంటుంది. మరీ పెరిగితే పెళుసెక్కుతుంది. దానికి తుప్పు భయమూ ఉన్నది. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913లో క్రోమియం కలిపిన తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటేనే నేడు దానిని స్టెయిన్‌లెస్ అంటారు. చవక చాకులలో వాడే స్టెయిన్‌లెస్ ఉక్కు తరచు మెత్తనిది, త్వరగా మొద్దుబారుతుంది. అంతమాత్రాన దానిని తీసిపారవేయనక్కరలేదు. మెత్తని ఉక్కు ఇంటి సానరాయికి సులభంగా లొంగుతుంది. మరీ గట్టి ఉక్కు చాలాకాలం మొద్దుబారదు గాని, మొద్దుబారిన నాడు మామూలు రాతికి లొంగదు. రాయి తప్ప మరో సాధనం లేనివారికి మొదటిదే అనుకూలం.

చాకుకు అపకీర్తి కూడా లేకపోలేదు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పేరుతో ప్రసిద్ధమైన చాకును హిందీ చలనచిత్రాలు దుండగుల చేతిలో పెట్టి చూపాయి. అది చూసి పెద్దలు జంకడం సహజమే. 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు గాని, 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని గల కత్తులను ఆయుధాల కోవలో చేర్చి, గృహ, వ్యవసాయ అవసరాలకు తయారైన వాటిని మినహాయించాయి. మూడంగుళాల రైతు చాకు ఆ కొలతకు ఎంతో దూరం. అయినా విమానంలోకి, పరీక్షా మందిరంలోకి దానిని తీసుకొని పోరాదు; విద్యార్థి చాకుకు తగిన చోటు పొలమే గాని కళాశాల కాదు.

ఇక పోషణ. చెరకు కోసిన చాకును మడిచి జేబులో వేసుకొంటే రసం కీలులో ఎండి బంకలా పట్టుకొంటుంది. నాలుగు రోజులలో చాకు తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. చాలామంది అప్పుడు నూనె పోస్తారు. చక్కెర నూనెలో కరగదు కనుక ఆ శ్రమ వృథా. గోరువెచ్చని నీటిలో ముంచి, జాగ్రత్తగా తెరుస్తూ మూస్తూ ఉంటే బంక కరిగిపోతుంది. పిదప గుడ్డతో తుడిచి, తెరిచి ఆరబెట్టి, సీల దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి, అలుగు మీదికి పాకినదానిని తుడిచివేయాలి. కొబ్బరినూనె చేతికి అందుబాటులో ఉంటుంది గాని, నిజామాబాద్ చలికి అది గడ్డకడుతుంది. తెల్లవారుజామున చెరకు తోటకు బయలుదేరినవాని చాకు మళ్ళీ బిగుసుకుపోతుంది.