సెమికోలన్ కొట్టడం వచ్చు, పెట్టడం రాదు

ప్రపంచంలో సెమికోలన్ మనంత ఎక్కువగా వాడే జాతి ఇంకోటి ఉండదేమో. సీ, జావా.. ఏ లైను చివర చూసినా అదే. కానీ నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను పంపిన మెయిల్స్ అన్నీ వెదికితే ఒక్కటంటే ఒక్క సెమికోలన్ దొరకలేదు! ఎందుకు వెదకాల్సి వచ్చిందో చెప్తా.

మొన్నామధ్య ఒక రాత్రి రిలీజ్ ఉంది. నేనేమో బెంగళూరులో బస్సు పట్టుకుని ఊరికి పోవాలి. (మాది ఎమ్మిగనూరు లెండి, 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు.) ఆ హడావిడిలో తర్వాతి షిఫ్ట్ కుర్రాడికి ఇలా రాసి పడేశా: "స్టాప్ ద బిల్లింగ్ సర్వీస్, ఇఫ్ ద లోడ్ ఫెయిల్స్, రన్ ద ఓల్డ్ స్క్రిప్ట్."

నా ఉద్దేశం ఏంటంటే, సర్వీసు ఎలాగూ ఆపాలి, లోడ్ ఫెయిలైతేనే పాత స్క్రిప్ట్ నడపాలి. అతనికి అర్థమైందేమో, లోడ్ ఫెయిలైతే సర్వీసు ఆపాలి, స్క్రిప్ట్ మాత్రం ఎలాగూ నడపాలి అని. లోడ్ శుభ్రంగా పాసయింది. సర్వీసు ఆగలేదు, స్క్రిప్ట్ నడిచింది, ఒక్కో కస్టమరుకి రెండేసి బిల్లులు పోయాయి. బస్సు ఆదోని చేరేసరికి ఫోన్లో పదిహేడు మిస్డ్ కాల్స్!

"క్లియర్‌గా రాశాను కదా" అందామని మెయిల్ తీసి చదివా. అతను చదివినట్టు కూడా చదవొచ్చు. అతనేమో కాంట్రాక్ట్ మీద ఉన్నాడు, నేను నోరు మూసుకుంటే ఉద్యోగం పోయేది. తప్పు నా వాక్యానిదే అని ఆదోని బస్టాండులో కూర్చునే మెయిల్ పెట్టా. ఆ ఏడాది నా రేటింగ్ సంగతి అడక్కండి.

సర్వీస్ తర్వాత కామా బదులు సెమికోలన్ ఉంటే గొడవే లేదు. సీలో సెమికోలన్ అంటే 'ఇక్కడితో అయిపోయింది'. ఇంగ్లీషులో 'వాక్యం పూర్తయింది గానీ విషయం అయిపోలేదు'. రెండు వైపులా దానంతట అది నిలబడే వాక్యం ఉంటే మధ్యలో వట్టి కామా చాలదు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా కామాతో పాటు 'అండ్', 'బట్' లాంటిది, లేదా సెమికోలన్. ఇంకో వాడుక జాబితాల్లో: ఆదోని, ఆంధ్రప్రదేశ్; రాయచూరు, కర్ణాటక; గద్వాల, తెలంగాణ.

మనకెందుకు రాదంటే, తెలుగులో ఆ అవసరం తక్కువ. 'ఆపి', 'ఫెయిలైతే', 'అని'.. అతికే పనంతా క్రియలే చేసేస్తాయి. తాళపత్రాల్లో కామాలు ఎక్కడున్నాయి? ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో కూడా కామాలు చల్లుకుంటూ పోతాం.

ఇంగ్లీషు వాళ్ళేమీ తక్కువ తినలేదు. అమెరికాలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్ల ఓవర్‌టైమ్ కేసు, చట్టంలోని ఒక జాబితాలో చివరి కామా లేకపోవడం మీదే నడిచింది. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు చెప్పింది, 2018లో 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది.

ఇంటికెళ్ళి నాయనకి చెప్తే, "ఏందప్పా, ఒక చుక్కకా ఇంత రాద్ధాంతం?" అన్నాడు. ఆయన మగ్గం నేసిన మనిషి.

"చుక్క కాదు నాయనా, చుక్క కింద కామా."

"పోగు తెగితే మేము ముడేస్తాం గదా, అట్లాంటిదా?"

"అట్లాంటిదే."

"మరి ముడేయకుండా బస్సెందుకు ఎక్కితివి?"

జవాబు లేదు నా దగ్గర.

ఇప్పుడు మెయిల్ పంపే ముందు ప్రతి కామాకి అటూ ఇటూ చూస్తున్నా. రెండు ముక్కలూ విడిగా నిలబడితే అక్కడ కామా తీసేయడమే. అన్నట్టు, స్టెప్పులు రాసేటప్పుడు సెమికోలన్ కూడా వద్దు, 1, 2, 3 అని నంబర్లేసి రాయడమే అన్నిటికంటే మేలు. మీరూ ఒకసారి మీ పాత మెయిల్స్ తీసి చూసుకోండి, ఎవరి బిల్లు ఎవరికి పోయిందో!